త్రిమితీయ ఉపరితల చిత్రాల్లో దృక్కోణ నిర్ణయం: మాండలిక పరిశోధన దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
గణాంక సాఫ్ట్‌వేర్లు గీసే త్రిమితీయ ఉపరితల చిత్రాలు తెలుగు భాషా పరిశోధనల్లోనూ, ముఖ్యంగా క్షేత్రపర్యటన ఆధారిత సిద్ధాంతగ్రంథాల్లోనూ కనిపిస్తున్నాయి. ఆ చిత్రాన్ని ఏ దిక్కు నుంచి, ఎంత ఎత్తు నుంచి చూపుతున్నారన్న విషయం మాత్రం చర్చకు రావడం లేదు. దృక్కోణం అలంకార విషయం కాదని, అది పరిశోధకుడు చేసే ప్రతిపాదనలో భాగమని ఈ వ్యాసం వాదిస్తుంది. సాఫ్ట్‌వేర్ ముందుగా నిర్ణయించి ఉంచిన కోణాన్ని యథాతథంగా స్వీకరిస్తే దత్తాంశంలోని కీలకమైన అంశం ఎలా మరుగున పడుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా నిరూపించడం, దానిని నివారించే పద్ధతులను సూచించడం దీని ఉద్దేశ్యాలు.

కీలకపదాలు: ఉపరితల చిత్రం, దృక్కోణం, దిగంశ, ఉన్నతాంశ, మాండలిక పదాలు, సమభాషారేఖ, మోట.

1. ఉపోద్ఘాతం:

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నడుమనున్న మేడిపల్లి వంటి ఊళ్లలో పెరిగినవారికి గుట్టలు కొత్త కావు. ఒకే గుట్ట తూర్పు నుంచి చూస్తే పడుకున్న ఎద్దులా, పడమర నుంచి చూస్తే నిలువు బండలా కనిపిస్తుంది. గుట్ట వెనుక చెరువు ఉందో లేదో ముందు నిలబడినవాడు చెప్పలేడు. చుట్టూ తిరిగి రావాలి, లేదా గుట్ట ఎక్కాలి. ఈ మాత్రం ఇంగితం పశువులు కాసే పిల్లలకు కూడా ఉంటుంది. కానీ అదే గుట్ట కంప్యూటర్ తెర మీద అంకెలతో ఏర్పడినప్పుడు, తెర చూపిన వైపునే గుట్ట మొత్తంగా భావించే అలవాటు పరిశోధకుల్లో ఉంది.

ఈ విమర్శలో మొదటి ముద్దాయిని నేనే. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో వయసుల వారీగా, ఊళ్ల వారీగా సేకరించిన పదాల లెక్కను ఒక త్రిమితీయ చిత్రంగా మార్చి, అది అందంగా వచ్చిందన్న సంతోషంతో అధ్యాయం చిత్తుప్రతిలో చేర్చాను. దానిని చదివిన పెద్దలొకరు "ఈ కొండ వెనకాల ఏముంది?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. అంకెలన్నీ నేను సేకరించినవే. అయినా చిత్రంలో వాటిలో దాదాపు సగం కనిపించడం లేదన్న సంగతి అప్పటివరకు గమనించలేదు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

2. పరిభాష - భావనలు:

2.1 ఉపరితల చిత్రం: రెండు చలరాశులను నేలమీది రెండు దిశలుగానూ, మూడవదానిని ఎత్తుగానూ తీసుకొని గీసే చిత్రమే ఉపరితల చిత్రం. సిరిసిల్ల మగ్గం తెలిసినవారికి దీనిని చెప్పడం తేలిక. ఒక చలరాశి పడుగు, రెండవది పేక. పడుగుపోగు, పేకపోగు కలిసిన ప్రతి చోటా ఒక కొలత ఉంటుంది. ఆ కొలత ఎంతో అంత ఎత్తుకు ఆ ముడిని పైకి లాగితే, చదునైన వస్త్రం కొండలు, లోయలు ఉన్న ఉపరితలంగా మారుతుంది.

2.2 దిగంశ, ఉన్నతాంశ: ఈ ఉపరితలాన్ని కాగితంపై చూపాలంటే కనీసం రెండు కోణాలు నిర్ణయించాలి. చూసేవాడు ఉపరితలానికి ఏ దిక్కున నిలబడ్డాడన్నది మొదటిది. నేల మట్టం నుంచి ఎంత పైకి వెళ్లి చూస్తున్నాడన్నది రెండవది. వీటికి కొత్త పదాలు కల్పించనవసరం లేదు. ఆకాశంలో గ్రహస్థానాన్ని చెప్పడానికి వాడే 'దిగంశ', 'ఉన్నతాంశ' అనే మాటలు ఇక్కడ సరిగ్గా సరిపోతాయి. ఉన్నతాంశ 0° అయితే చూపు నేలమట్టంలో ఉంటుంది, కొండ అంచురేఖ మాత్రమే కనిపిస్తుంది. 90° అయితే చూపు నడినెత్తి నుంచి పడుతుంది, నేల మొత్తం కనిపిస్తుంది గాని ఎత్తులన్నీ మాయమవుతాయి.

పరిభాష విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఉపరితలాన్ని గీసే 'పర్స్ప్' ప్రమేయానికి సంబంధించిన వివరణ పత్రం, 'ఫై' అనే కోణాన్ని సహాక్షాంశంగా పేర్కొంటుంది. సహాక్షాంశ అంటే శిరోబిందువు నుంచి కిందికి కొలిచే కోణం. ఆ లెక్కన ఫై 0° అయితే పై నుంచి చూడాలి. కానీ ఆచరణలో ఫై 90° ఇచ్చినప్పుడే చిత్రం పై నుంచి చూసినట్టు వస్తుంది. అంటే అది నిజానికి ఉన్నతాంశ. మూలంలోని పదాన్ని పరీక్షించకుండా తెలుగు చేస్తే తెలుగు పాఠకుడు తలకిందులుగా అర్థం చేసుకుంటాడు. సాంకేతిక పదాన్ని అనువదించేవాడు ఆ సాధనాన్ని నడిపి చూడాలనడానికి ఇది మంచి నిదర్శనం.

3. చారిత్రక నేపథ్యం:

కంప్యూటర్లు రాకముందే ఈ సమస్య ఉంది. 1880లో ఇటలీకి చెందిన లుయీజీ పెరోజ్జో స్వీడన్ జనాభా లెక్కలను కాలం, వయసు, జనసంఖ్య అనే మూడు అక్షాలతో ఒక ఘనాకృతిగా చిత్రించాడు. గణాంక చరిత్రలో త్రిమితీయ చిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ చిత్రాన్ని తలుచుకుంటారు. ముద్రించిన కాగితాన్ని పాఠకుడు తిప్పి చూడలేడు కనుక, ఏ వైపు చూపాలన్న నిర్ణయం పూర్తిగా చిత్రకారుడిదే అయింది.

మన సంప్రదాయంలోనూ ఈ ఎరుక ఉంది. విష్ణుధర్మోత్తర పురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రం, చిత్రంలోని మూర్తికి తొమ్మిది స్థానాలను చెప్పింది. ఎదురుగా కనిపించే ఋజ్వాగతం, పక్క నుంచి కనిపించే పార్శ్వాగతం, వెనుక నుంచి కనిపించే పృష్ఠాగతం వాటిలోనివే. స్థానం మారినప్పుడు అవయవాల కొలతలు కుదించుకుపోవడాన్నీ, పెరగడాన్నీ 'క్షయవృద్ధి' అన్నారు. అంటే చూసే స్థానానికి ఒక పేరు ఉండాలనీ, ఆ స్థానం వల్ల కొలత మారుతుందనీ ఆ శాస్త్రకారులు గుర్తించారు. నేటి సిద్ధాంతగ్రంథాల్లోని చిత్రాలకు లోపించినవి ఈ రెండే.

తెలుగు మాండలిక పరిశోధనలో వేరొక పద్ధతి స్థిరపడింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. ఊరూరా సేకరించిన వృత్తిపదాలను ప్రాంతాల వారీగా అమర్చి చూపే ఈ కృషి, తెలుగు భాషామండలాల విభజనకు బలమైన ఆధారమయింది. భాషాశాస్త్రంలో పదాల వ్యాప్తిని చూపే సాధనం పటం. ఆ పటంపై గీసే గీత సమభాషారేఖ. ఉపరితల చిత్రాల పరిభాషలో చెప్పాలంటే పటం అనేది 90° ఉన్నతాంశ నుంచి చూసిన దృశ్యం. అందులో ఏ ఊరూ మరో ఊరిని కప్పివేయదు. త్రిమితీయ చిత్రానికి మారినప్పుడు ఈ భద్రతను కోల్పోతున్నామన్న సంగతిని మనం గుర్తించలేదు.

4. సాఫ్ట్‌వేర్ల ముందస్తు కోణాలు:

పరిశోధకుడు ఏ కోణమూ చెప్పనప్పుడు సాఫ్ట్‌వేర్ తానే ఒక కోణాన్ని ఎంచుకుంటుంది. ఆర్‌లోని పర్స్ప్ ప్రమేయానికి దిగంశ 0°, ఉన్నతాంశ 15°. మ్యాట్‌ల్యాబ్‌కు దిగంశ -37.5°, ఉన్నతాంశ 30°. పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు దిగంశ -60°, ఉన్నతాంశ 30°. మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వాడే ఎక్సెల్‌లో చాలా త్రిమితీయ చార్టులకు భ్రమణం 20°, ఉన్నతి 15°.

ఈ అంకెలను బట్టి రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, వీటిలో ఏదీ తటస్థమైన కోణం కాదు. అటువంటి కోణం ఒకటి ఉంటే అందరూ దానినే ఎంచుకునేవారు. రెండవది, ఒకే అంకె అన్నిచోట్లా ఒకే దిక్కును సూచించదు. మ్యాట్‌ల్యాబ్‌లో దిగంశ 0° అంటే రెండవ అక్షం ఆరంభం వైపు నిలబడి చూడటం. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో 0° అంటే మొదటి అక్షం చివరి వైపు నిలబడి చూడటం. కాబట్టి సాఫ్ట్‌వేర్ పేరు చెప్పకుండా కోణాన్ని మాత్రమే పేర్కొనడం, ఏ ఊరి నుంచో చెప్పకుండా "తూర్పున రెండు క్రోసులు" అనడం లాంటిది.

ఆర్ రూపకర్తలు ఈ విషయంలో నేర్పిన పాఠం ఒకటుంది. రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ఆర్‌ను రూపొందించారు. ఆ నగరంలోని మౌంగఫౌ అనే అగ్నిపర్వత శిఖరాన్ని 10 మీటర్ల గడులుగా కొలిచిన 87 వరుసలు, 61 నిలువు వరుసల దత్తాంశం ఆర్‌తో పాటే లభిస్తుంది. దానిని ఎలా గీయాలో చూపే అధికారిక ఉదాహరణలో దిగంశ 135°, ఉన్నతాంశ 30° వాడారు. తాము పెట్టిన ముందస్తు కోణాన్ని తమ ఊరి కొండ విషయంలో తామే పక్కనపెట్టారన్నమాట. కొండ తెలిసినవాడు ఏ వైపు నుంచి చూపాలో తానే నిర్ణయిస్తాడు.

5. ఊహాత్మక ఉదాహరణ - మోట పదాలు:

కరెంటు మోటార్లు రాకముందు బావి నీటిని మోటతో తోడేవారు. మోట, బొక్కెన, తొండం, గిరక, మోకు వంటి పదాలు ఆ పనితో పాటు బతికాయి. పని పోయింది కనుక పదాలు పోతున్నాయి. వ్యవసాయ పదకోశం వెలువడిన 60 ఏళ్ల తరువాత ఈ పదాలు ఎవరికి, ఎక్కడ తెలుసునన్నది నిజమైన పరిశోధన ప్రశ్న.

ఒక పరిశోధకుడు 40 మోట పదాల జాబితాతో, పట్టణం నుంచి 2, 6, 10, 14 కిలోమీటర్ల దూరాల్లో, నాలుగు వయసుల వారిని అడిగాడనుకుందాం. సగటున గుర్తించిన పదాల సంఖ్య కింది విధంగా వచ్చిందనుకుందాం. ఇవి క్షేత్రసేకరణ ఫలితాలు కావు, వాదన కోసం కల్పించినవి.

పట్టిక-1 (వరుసగా 2, 6, 10, 14 కి.మీ. దూరాల్లో):
80 ఏళ్లవారు: 30, 33, 35, 36
60 ఏళ్లవారు: 20, 23, 26, 28
40 ఏళ్లవారు: 9, 12, 15, 17
20 ఏళ్లవారు: 4, 6, 14, 8

వయసు తగ్గేకొద్దీ పదాలు తగ్గుతున్నాయన్నది అందరూ ఊహించేదే. ఈ పట్టికలో అసలు విశేషం చివరి వరుసలో ఉంది. 10 కిలోమీటర్ల దూరంలోని యువకులకు 14 పదాలు తెలుసు. చుట్టుపక్కల యువకులతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. అక్కడ మోట ఇంకా ఆడుతోందేమో, తాతల దగ్గర పిల్లలు పెరుగుతున్నారేమో, బడిలో ఎవరైనా నేర్పుతున్నారేమో తెలుసుకోవాలి. పరిశోధకుడు మళ్లీ వెళ్లవలసిన చోటు అదే.

మాండలిక సర్వేల్లో వృద్ధులను ప్రధాన వక్తలుగా ఎంచుకొని, పట్టికలో వారిని ముందు పెట్టడం సహజం. ఎక్సెల్‌లో మొదటి శ్రేణి చిత్రంలో ముందు వరుసగా నిలుస్తుంది. అంటే చూసేవాడు 80 ఏళ్లవారి వైపు నిలబడతాడు. ఎత్తైన ఆ వరుస వెనుక 20 ఏళ్లవారి వరుస కనిపిస్తుందా అన్నదే ప్రశ్న.

దీనిని లెక్కించవచ్చు. నేల అంచు పొడవును 1గా, 40 పదాల ఎత్తును కూడా 1గా తీసుకుందాం. చూపురేఖలు సమాంతరమైనవని, చూపు వయసు అక్షం వెంట సూటిగా పోతోందని అనుకుందాం. 10 కి.మీ. వద్ద వృద్ధుల ఎత్తు 35/40, అంటే 0.875. యువకుల ఎత్తు 14/40, అంటే 0.35. తేడా 0.525. వారి మధ్య దూరం 1. కాబట్టి టాన్జెంట్ విలువ 0.525 కంటే ఎక్కువగా ఉండే ఉన్నతాంశ, అంటే సుమారు 27.7° దాటితేనే ఆ బిందువు కనిపిస్తుంది. 15° వద్ద అది పూర్తిగా మరుగున పడుతుంది. 30° వద్ద దాని కొన పైకి తేలుతుంది. మిగిలిన మూడు దూరాల్లోని యువకుల బిందువులు కనిపించాలంటే సుమారు 33° నుంచి 37° వరకు కావాలి.

ఇప్పుడు 180° తిరిగి యువకుల వైపు నిలబడదాం. వయసుతో పాటు ఎత్తు పెరుగుతూనే ఉంది కనుక, అదే 15° వద్ద కూడా ఒక్క బిందువూ దాగదు. యువకుల వరుసలోని చిన్న గుట్ట కంటి ముందే ఉంటుంది. అంకెలు మారలేదు, సాఫ్ట్‌వేర్ మారలేదు, నిలబడిన చోటు మాత్రమే మారింది. మొదటి చిత్రం "పదాలు పోయాయి" అంటుంది. రెండవది "ఒక చోట ఉన్నాయి, వెళ్లి చూడు" అంటుంది.

6. ఎత్తు నిష్పత్తి - మూడవ నిర్ణయం:

దిగంశ, ఉన్నతాంశలతో నిర్ణయం పూర్తి కాదు. నిలువు అక్షాన్ని ఎంత పొడవుగా గీస్తున్నామన్నది మూడవ నిర్ణయం. ఆర్‌లో దీనిని 'ఎక్స్‌పాండ్' అనే విలువ నిర్ణయిస్తుంది. ముందస్తు విలువ 1. పై ఉదాహరణలో దానిని 0.5 చేస్తే ఎత్తుల తేడా 0.2625కు తగ్గుతుంది. అప్పుడు ఆ బిందువు కనిపించడానికి సుమారు 14.7° చాలు. అంటే 27.7° వరకు మరుగున ఉన్నది, కొండను సగానికి కుదిస్తే 15° వద్దే అంచున కనిపిస్తుంది. దీనికి మూల్యం కూడా ఉంది. కొండ కుదించుకుపోతే తరాల మధ్య అంతరం చిన్నదిగా తోస్తుంది. చిత్రసూత్రం చెప్పిన క్షయవృద్ధి ఇదే. ఒక లాభం కోసం ఒక నష్టాన్ని అంగీకరిస్తున్నాం. అంగీకరించామని పాఠకుడికి చెప్పడం మన బాధ్యత.

దగ్గరివి పెద్దవిగా, దూరపువి చిన్నవిగా చూపే దూరదృశ్య ప్రభావం కూడా ఇటువంటిదే. ఆర్‌లో 'డి' విలువను పెంచితే ఆ ప్రభావం తగ్గుతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో సమాంతర ప్రక్షేపాన్ని ఎంచుకోవచ్చు. ఎత్తులను పోల్చడమే ఉద్దేశమైనప్పుడు సమాంతర ప్రక్షేపమే మేలు.

7. విమర్శ - ప్రతివాదాలు:

"తెరపై చిత్రాన్ని మౌస్‌తో తిప్పి చూడవచ్చు కదా" అన్నది మొదటి ప్రతివాదం. పరిశోధకుడు తిప్పి చూడగలడు. చూడాలి కూడా. కానీ పాఠకుడి చేతికి వచ్చేది అచ్చైన పుట, లేదా కదలని ప్రతి. పెరోజ్జో పాఠకుడికీ, మన పాఠకుడికీ ఈ విషయంలో తేడా లేదు.

"చిత్రం కేవలం దృష్టాంతం, అసలు ఆధారం పట్టికే" అన్నది రెండవది. అలా అయితే పట్టికను అనుబంధంలోనైనా ఇవ్వాలి. చిత్రం ఇచ్చి పట్టిక ఇవ్వకపోతే ఆ వాదనకు బలం లేదు. పైగా పాఠకుడు, పరీక్షకుడు మొదట చూసేది చిత్రాన్నే. మొదట ఏర్పడిన అభిప్రాయాన్ని పట్టిక సవరించడం కష్టం.

"అన్ని చిత్రాలకూ ఒకే కోణం వాడితే పోలిక సులభం" అన్నది మూడవది. ఇందులో సత్యముంది. రెండు మండలాలను పోల్చేటప్పుడు ఒకే కోణం, ఒకే ఎత్తు నిష్పత్తి తప్పనిసరి. అయితే ఆ ఒక్క కోణాన్ని పరిశోధన ప్రశ్నను బట్టి ఎంచుకోవాలి, సాఫ్ట్‌వేర్ అలవాటును బట్టి కాదు.

వీటికంటే మౌలికమైన ప్రశ్న మరొకటి ఉంది. అసలు ఉపరితలం గీయవలసిన దత్తాంశమేనా? వయసు, దూరం నిరంతరం మారే రాశులు. రెండు కొలతల నడుమ కూడా ఒక విలువ ఉంటుందని ఊహించడం సమంజసం. కానీ ఊళ్ల పేర్లను, కులవృత్తులను, గ్రంథాల పేర్లను అక్షంపై వరసపెట్టి ఉపరితలం గీస్తే, కుమ్మరానికీ వడ్రంగానికీ నడుమ లేని వృత్తిని చిత్రించినట్టవుతుంది. అక్కడ కోణం ఎంత సరిచేసినా ప్రయోజనం లేదు. చదునైన పట్టికో, కడ్డీ చిత్రమో మేలు. విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన పరిశోధన కూడా, ఒకే కొలబద్దపై ఉన్న స్థానాలను పోల్చడంలో మనిషి కన్ను అన్నిటికంటే కచ్చితంగా పనిచేస్తుందని తేల్చింది. ఉపరితల చిత్రం ఆ సౌలభ్యాన్ని పాఠకుడికి ఇవ్వదు.

8. ముగింపు:

1. ఉపరితల చిత్రంలో దృక్కోణం పరిశోధన పద్ధతిలో భాగం. కనుక చిత్రం కింద సాఫ్ట్‌వేర్ పేరు, దిగంశ, ఉన్నతాంశ, ఎత్తు నిష్పత్తి తప్పక పేర్కొనాలి.

2. కోణాన్ని నిర్ణయించే ముందు ప్రశ్నను నిర్ణయించుకోవాలి. తక్కువ విలువల్లోనే విశేషం ఉంటే ఆ వైపును ముందుకు తేవాలి. ఎత్తైన వరుసను వెనక్కి పంపాలి.

3. ఉన్నతాంశను స్థిరంగా ఉంచి దిగంశను పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. ఏ బిందువైనా దాగుతుంటే ఎదురెదురు దిక్కుల నుంచి రెండు చిత్రాలు ఇవ్వాలి.

4. ప్రతి ఉపరితల చిత్రానికీ తోడుగా సమోన్నత రేఖాచిత్రాన్నో, పట్టికనో ఇవ్వాలి. సమభాషారేఖలకు అలవాటుపడిన మన రంగానికి ఇది కొత్త భారం కాదు.

5. పరీక్షకులు, సమీక్షకులు చిత్రాన్ని చూసినప్పుడు "వెనకాల ఏముంది?" అని అడగడం ఆనవాయితీ కావాలి.

ఈ సూచనలు చిత్రాల అందానికి సంబంధించినవి కావు. మోట పదాలు తెలిసిన తరం వేగంగా తరిగిపోతోంది. వాటిని ఇంకా పలుకుతున్న యువకులు ఎక్కడైనా ఉంటే వారి దగ్గరకు వెళ్లడానికి ఉన్న సమయం కొద్దిగానే ఉంది. ఎక్కడికి వెళ్లాలో చెప్పవలసిన చిత్రమే ఆ చోటును కప్పివేస్తే, తరువాతి పరిశోధకుడు అక్కడికి వెళ్లడు. పదాలు లేవని గ్రంథంలో నమోదవుతుంది. ఆ తరువాత అవి నిజంగానే ఉండవు.

నన్ను ప్రశ్నించిన ఆ పెద్దల మాట విని పట్టిక ముందు మళ్లీ కూర్చున్నప్పుడు నాకు బోధపడింది ఇదే. అంకెలు సేకరించడంతో క్షేత్రపర్యటన ముగియదు. తెర మీద లేచిన గుట్ట చుట్టూ కూడా ఒకసారి తిరిగి రావాలి.